కంప్యూటరులోని కనబడని పనివారు

పెండ్లి యింట పంక్తిలో కూర్చున్న అతిథికి వడ్డించువారు మాత్రమే కనబడుదురు. పెరటిలో పిండి రుబ్బువారు, నీరు తోడువారు, ఎంగిలి విస్తళ్ళు తీయువారు కనబడరు. అయినను వారు ఒక్క పూట పని మానినచో విందు సాగదు. మనము ప్రతిదినము వాడుచున్న కంప్యూటరులో సైతము ఇట్టి కనబడని పనివారు అనేకులు గలరు. వారు సరిగా పనిచేయుచున్నంత కాలము వారున్న సంగతియే మనకు తెలియదు. వారిలో ఒక్కడు దారి తప్పిననాడు మాత్రము ఇల్లంతయు అల్లకల్లోలమగును. ఈ సంవత్సరము మా పాఠశాలలో జరిగినది ఇదియే. దానిని తోటి విద్యార్థులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము చదువుకొను ఊరు వైట్‌ఫీల్డు. 1882వ సంవత్సరమున మైసూరు మహారాజు చామరాజ ఒడయరుగారు యూరేషియను, ఆంగ్లో ఇండియను సంఘమువారికి ఇచ్చిన భూమిపై ఈ ఊరు వెలసినది. ఆ సంఘమును స్థాపించిన వైటుగారి పేరే ఊరికి నిలిచినది. చిరకాలము పొలముల నడుమ చిన్న ఊరుగా నుండిన ఈ చోట 1990ల నుండి ఇంటర్నేషనల్ టెక్ పార్కు మొదలగు పెద్ద భవనములు లేచినవి. 2023 మార్చి 25న మెట్రో రైలు కూడ ప్రారంభమైనది. ఆ అద్దాల మేడలలో లోకమునకంతకు పనికివచ్చు ప్రోగ్రాములు తయారగుచుండ, మా తెలుగు పాఠశాల కంప్యూటరు గదిలో నున్నవి నాలుగే యంత్రములు. అవియు ఇతరులు కొంతకాలము వాడి మాకు దయచేసినవి. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, దుకాణపు ఫలకములపై ఇంగ్లీషు చదువుచు పెరుగుచున్న మాకు మా వ్రాతలను తెలుగులో అచ్చుగా చూచుకొను చోటు ఈ వార్షిక సంచిక ఒక్కటియే. సంచికకు కావలసిన వ్యాసములన్నియు ఆ నాలుగింటిలో మూడవ యంత్రమున టైపు చేయబడును. తెలుగు ఖతులు అన్నియు దానియందే చక్కగా అమర్చి యున్నవి.

సంచిక అచ్చునకు పోవలసిన గడువునకు పది దినములు ముందు ఆ యంత్రము జబ్బుపడినది. మీట నొక్కిన అర నిమిషమునకు గాని అక్షరము తెరపై పడదు. 'లక్ష్మి' అని టైపు చేసినచో మొదట 'ల' వచ్చును. మనము లేచి మంచినీళ్ళు త్రాగి వచ్చునప్పటికి 'క్ష' వచ్చును. మకారపు వత్తు ఎప్పుడు వచ్చునో దైవమునకే యెరుక. యంత్రములోని పంకా పిండిమరవలె రొద చేయుచుండెను. ఆర్పి వెలిగించితిమి. రెండు నిమిషములు బాగుగనుండి మరల మొదటికే వచ్చెను. గది తాళము తీయు తాతగారు తొంగి చూచి, "దీనికి దయ్యం పట్టిందయ్యా, నిమ్మకాయ కట్టండి" అనిరి. బయటినుండి వచ్చి చూచిన మరమ్మతుదారు ఒకరు "పాతబడిపోయింది, క్రొత్తది కొనుక్కోండి" అని చెప్పి వెళ్ళిరి. క్రొత్తది కొనుటకు సొమ్ము లేదు. ప్రధానోపాధ్యాయులుగారు విచారముతో, "సోమవారము వరకు చూచెదము; బాగుపడనిచో పాత సామానులవానికి ఇచ్చివేయుదము; సంచిక వచ్చే సంవత్సరము చూచుకొందము" అనిరి. అది గురువారము.

ముప్పదిమంది విద్యార్థుల వ్రాతలు ఆ యంత్రములో నున్నవి. పదవ తరగతివారికి వచ్చే సంవత్సరము ఈ పాఠశాలలో లేదు. కనుక ఆ మూడు దినములలో మాకు చేతనైనది చేయవలెనని నిశ్చయించుకొని, విజ్ఞానశాస్త్రపు మాస్టరుగారి అనుమతి గైకొని, పనికి పూనుకొంటిమి. మాస్టరుగారు మొదటనే ఒక మాట చెప్పిరి: "వైద్యుడు నాడి చూడకముందు మందు ఇయ్యడు. మీరును మొదట చూడుడు, పిదప చేయి పెట్టుడు." ఆ ప్రకారము మొట్టమొదట వ్యాసములన్నింటిని ఒక పెన్‌డ్రైవులోనికి నకలు తీసి పెట్టితిమి. నెమ్మదిగా నడచుచున్న యంత్రముపై ఆ పనికి గంటన్నర పట్టెను. అయినను ఇక ఏమి జరిగినను వ్రాతలు పోవను ధైర్యము చిక్కెను.

ఇక కంప్యూటరు నాడి యెట్టిదో చూతము. దాని బుద్ధిస్థానము ప్రాసెసరు అను చిన్న బిళ్ళ. 3 గిగాహెర్ట్‌జుల ప్రాసెసరు అనగా దాని గడియారము సెకనుకు 300 కోట్ల మార్లు కొట్టుకొనునని అర్థము. ఇంత వేగము గలది గనుక ఒక్కొక్క పనికి రవంత కాలము చొప్పున పంచి, ఒకదాని వెంట ఒకటిగా అనేక కార్యములను నడపును. మన కంటికి అన్నియు ఒకేసారి జరుగుచున్నట్లుండును. హోప్ ఫారం కూడలిలో నిలుచున్న పోలీసు నాలుగు దిక్కుల బండ్లకును వంతుల వారీగా దారి ఇచ్చినట్లే యనుకొనుడు. ఏ దిక్కునుండియైనను తెంపు లేకుండ బండ్లు వచ్చుచునే యున్నచో మిగిలిన మూడు దిక్కులవారు నిలిచిపోవలసినదే. నేటి ప్రాసెసరులలో ఇట్టి కూడళ్ళు ఒకటికంటె ఎక్కువ యుండును. వాటిని కోర్లందురు. మా యంత్రమున రెండు కోర్లు గలవు.

ఒక సెకను కాలములో ప్రాసెసరు ఎంత భాగము పనిలో నుండెనో నూటికి ఇంత యని లెక్క గట్టుదురు. ఏమియు చేయక ఊరకున్న కంప్యూటరులో ఈ సంఖ్య సాధారణముగా నూటికి పదిలోపుననే యుండును. పెద్ద చలనచిత్రమును ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చునపుడు నూటికి నూరగుటయు సహజమే. కాబట్టి నూరు అను సంఖ్య దానంతటది రోగము కాదు. మనము ఏ పనియు చెప్పకున్నను చాలసేపు నూరువద్ద నిలిచియుండుట రోగము. అట్లు నిలిచినపుడు బిళ్ళ వేడెక్కును. వేడి తగ్గించుటకై పంకా గట్టిగా తిరుగును. అప్పటికిని చల్లబడనిచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అందువలన యంత్రము మరింత మందగించును.

మనము చెప్పకుండగనే పనిచేయువారెవరు? వారే మొదట చెప్పిన కనబడని పనివారు. విండోసు భాషలో వారిని సర్వీసులనగా సేవలని యందురు. ఒక సేవ గడియారమును సరిచూచును; ఒకటి క్రొత్త సవరణలను తెచ్చి అమర్చును; ఒకటి ఫైలులను వెదకుటకు సూచిక తయారుచేయును; ఒకటి హానికరమైన ప్రోగ్రాములు రాకుండ కావలి కాయును; ఒకటి అచ్చు యంత్రమునకు కాగితముల వరుసను అందించును. యునిక్సు, లినక్సు వ్యవస్థలలో ఇట్టివానిని డీమను అందురు. ఈ పేరునకొక కథ కలదు. 1867లో మాక్స్‌వెల్లు అను భౌతికశాస్త్రజ్ఞుడు, పెట్టెలోని అణువులను కూర్చుండి వేరుచేయు చిన్న భూతమునొకదానిని ఊహించి ఒక ప్రశ్న వేసెను. దానినే మాక్స్‌వెల్లు భూతమందురు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ప్రాజెక్టు మాక్ అను పేర పనిచేసినవారు, తెరవెనుక విసుగులేక పాటుపడు తమ ప్రోగ్రాములకు ఆ భూతము పేరే పెట్టిరి. కాబట్టి మా తాతగారి మాట ఒక విధముగా సత్యమే. యంత్రములో భూతములు కలవు. అయితే అవి నిమ్మకాయకు గాక లెక్కకు లొంగును.

శుక్రవారమునాడు యంత్రమును వెలిగించి పది నిమిషములు ముట్టక యుంచితిమి. ఏలననగా, యంత్రము లేచినవెంటనే సేవలన్నియు ఒక్కసారి మేలుకొనును. కొంతసేపు సందడి సహజము. పిదప కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కితిమి. టాస్క్ మేనేజరు అను పట్టిక తెరచుకొనెను. అందు సి.పి.యు. అను నిలువు వరుస శీర్షికపై నొక్కినచో ఎక్కువ భారము మోపుచున్నవి పైకి వచ్చును. పైన రెండు పేర్లు కనబడెను. మొదటిది అచ్చు పనులను వరుసలో నుంచు ప్రింట్ స్పూలరు, నూటికి 50. రెండవది కావలివాడైన వైరసు నిరోధకము, నూటికి 40కి పైన. అన్నియు కలిసి నూరు.

ఇచ్చట మాలో వాదము పుట్టెను. కావలివానిని ఆపివేసినచో నూటికి 40 మిగులునని కొందరనిరి. మాస్టరుగారు తల అడ్డముగా త్రిప్పి, "50 అను సంఖ్యను గూర్చి ఆలోచింపుడు" అనిరి. ఆలోచింపగా తెలిసినది. మా యంత్రమున కోర్లు రెండు. ఒక్క కోరు పూర్తిగా నిండినచో మొత్తములో అది సరిగా సగము. ఒకే పనిని చేసినదే చేయుచు చుట్టు తిరుగుచున్న ప్రక్రియ ఒక కోరును మ్రింగివేసి అంతకు మించి పోలేక అచ్చటనే నిలుచును. నాలుగు కోర్ల యంత్రమైనచో ఆ సంఖ్య 25గా కనబడును. అనగా స్పూలరు ఏదో ఒక సుడిలో చిక్కుకొన్నది. కావలివాని సంఖ్య అట్లుగాక పెరుగుచు తరుగుచు నుండెను. ఏ ఫైలు తెరువబడినను దానిని సోదా చేయుట కావలివాని ధర్మము. స్పూలరు చేసినదే చేయుచు ఫైలులను పదేపదే తెరచుచుండగా, అతడు తెరచినప్పుడెల్ల సోదా చేయుచుండెనని మాకు తోచెను. అట్లైనచో కావలివాడు దొంగ కాడు. దొంగ వెంట పరుగెత్తి అలసినవాడు. మేము తొందరపడి కావలిని తీసివేసియుండినచో రోగము తీరకపోగా ఇంటి తలుపులు బార్లా తెరచినవారమై యుందుము.

స్పూలరు ఏమి చేయును? స్పూలనగా నూలు చుట్టు కండె. కంప్యూటరు వేగముతో పోల్చినచో అచ్చు యంత్రము మిక్కిలి నెమ్మదియైనది. దాని కొరకు కంప్యూటరు కాచుకొని కూర్చుండకుండ, అచ్చు కావలసినదంతయు ముందు డిస్కుపై వ్రాసిపెట్టి, నేతగాడు కండెనుండి నూలు తీసినట్లు కొంచెము కొంచెముగా అచ్చు యంత్రమునకు అందించుట స్పూలరు పని. ఒక్కొక్క పనికి రెండేసి ఫైలులుండును. ఒకదానిలో అచ్చు వేయవలసిన విషయము, రెండవదానిలో ఎవరు పంపిరి, ఏ యంత్రమునకు పంపిరి అను వివరములు. అచ్చు ముగియగానే ఆ రెండును చెరిగిపోవును.

మేము సేవల పట్టికను తెరచితిమి. విండోసు మీటతో ఆర్ అను మీటను కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో 'సర్వీసెస్.ఎం.ఎస్.సి.' అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో అది తెరచుకొనును. అందు ప్రింట్ స్పూలరు పేరును వెదకి ఆపు అను ఆజ్ఞనిచ్చితిమి. ఒక్క నిమిషములో పంకా రొద అణగెను. గదిలో అకస్మాత్తుగా వచ్చిన ఆ నిశ్శబ్దము మాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. పట్టికలో మొత్తము సంఖ్య నూటికి 6కు దిగెను. కావలివాడు సైతము శాంతించెను. మా ఊహ నిజమయ్యెను.

కాని ఇది మందు కాదు. నొప్పి తెలియకుండుట మాత్రమే. స్పూలరు లేనిదే సంచిక అచ్చు కాదు. మరల మొదలిడగానే మరల 50. రోగకారణము ఇంకను లోపలనున్నది. మాస్టరుగారు పెద్ద అధికారము గల ఖాతాతో ప్రవేశించి సి డ్రైవులోని విండోసు, దానిలోని సిస్టమ్32, దానిలోని స్పూల్, దానిలోని ప్రింటర్సు అను అరను తెరచిరి. లోపల 34 ఫైలులు పడియుండెను. రెండేసి చొప్పున 17 పనులు. అన్నియు ఒకే దినమున పుట్టినవి. అన్నియు మా సంచిక మొదటి చిత్తుప్రతియే.

అప్పుడు మాకు తల వంచుకొనవలసి వచ్చెను. మా పాత అచ్చు యంత్రము చెడిపోయినందున వేసవి సెలవులకు ముందే దానిని తొలగించిరి. దాని పేరు మాత్రము కంప్యూటరులో మొదటి యంత్రముగా నిలిచిపోయెను. మాలో ఒకరు చిత్తుప్రతిని అచ్చునకు పంపిరి. కాగితము రాలేదు. మరల నొక్కిరి. రాలేదు. ప్రక్కనున్నవారు వచ్చి, "నేను నొక్కెదను చూడు" అని నొక్కిరి. ఇట్లు ముగ్గురు నలుగురు కలిసి పదునేడు మార్లు నొక్కి, విసిగి, ఇంటికి పోయితిమి. స్పూలరు మాత్రము ఇంటికి పోలేదు. లేని యంత్రమునకు పదునేడు ప్రతులను అందింపవలెనని రాత్రింబవళ్ళు ప్రయత్నించుచునే యుండెను. ఆర్పి వెలిగించినను ఏల బాగుపడలేదో ఇప్పుడు తేటతెల్లమయ్యెను. ఆ పనులు డిస్కుపై వ్రాయబడి యున్నవి. యంత్రము లేవగానే స్పూలరు లేచి, రెండు నిమిషములలో వాటిని చూచి, మరల అదే పనికి పూనుకొనుచుండెను. చెప్పిన పని చేయుటయే దాని నేరము. చెప్పినవారము మేము.

చికిత్స పది నిమిషములు పట్టెను. స్పూలరును ఆపియుంచి ఆ అరలోని 34 ఫైలులను తుడిచివేసితిమి. ఇవి అచ్చుకొరకు తీసిన నకళ్ళే గాని అసలు వ్రాతలు కావు గనుక వ్యాసములకు నష్టము లేదు. అరను మాత్రము తీసివేయరాదు. లోపలివి మాత్రమే తీయవలెను. పిదప స్పూలరును మరల మొదలిడితిమి. అచ్చు యంత్రముల జాబితాలో పాతదాని పేరు కొట్టివేసి, ఇప్పుడున్నదానిని మొదటిదిగా నియమించితిమి. ఒక్క పుట, ఒక్కసారి పంపితిమి. కాగితము వచ్చెను. సంఖ్య నూటికి 5 వద్ద నిలిచెను. 'లక్ష్మి' వత్తులతో సహా ఒక్క రెప్పపాటున తెరపై పడెను.

ఇట్టి పొరపాట్లు మావంటి పిల్లలకే గాక పెద్దలకును సంభవించునని చెప్పుటకు లోకప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 2001లో వెలువడిన విండోసు ఎక్స్‌పి వ్యవస్థలో 2013వ సంవత్సరమున సవరణలు తెచ్చు సేవ అనేక యంత్రములలో ప్రాసెసరును నూటికి నూరు మ్రింగుచుండెను. కారణమేమనగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు వచ్చిన ప్రతి క్రొత్త సవరణయు పాతదానిని రద్దుచేయును; ఏది దేనిని రద్దుచేసినదో ఆ సేవ గొలుసువలె వెదకుచు పోవలెను. గొలుసున ఒక్క కొండి పెరిగినప్పుడెల్ల వెదకు కాలము రెట్టింపగుచు వచ్చెను. చదరంగపు గడులలో గింజలు పెట్టిన కథ మన మెరిగినదే. పది మార్లు రెట్టించినచో 1,024. ఇరువది మార్లు రెట్టించినచో 10,48,576. కొలది కొండ్లున్న కాలమున ఎవరికిని తెలియని లోపము సంవత్సరములు గడచి గొలుసు పెరిగినకొలది బయటపడినది. 2014 జనవరిలో మైక్రోసాఫ్టువారు పనికిరాని పాత కొండ్లను జాబితానుండి తొలగింపగా భారము తగ్గెను. అదే సంవత్సరము ఏప్రిలు 8తో ఎక్స్‌పికి మద్దతు ముగిసెను. చూచితిరా! ఆ సేవయు చెడ్డది కాదు. చేయవలసిన పని అంతులేకుండ పెరుగుటయే చెడ్డది.

కావున మీ పాఠశాలలోగాని ఇంటిలోగాని కంప్యూటరు మందగించినపుడు ఈ క్రమము పాటింపుడు. మొదట మీ వ్రాతలకు నకలు తీయుడు. రెండవది, పది నిమిషములు ఓపిక పట్టి పట్టికను చూడుడు. మూడవది, భారము మోపుచున్న పేరును కాగితముపై వ్రాసికొనుడు. సర్వీస్ హోస్టు అను పేరు కనబడినచో అది ఒక గుడారము వంటిది. ప్రక్కనున్న గురుతుపై నొక్కి లోపలనున్న సేవ యేదో తెలిసికొనుడు. లినక్సు యంత్రమైనచో 'టాప్' అను ఆజ్ఞ ఇట్టి పట్టికనే చూపును. నాలుగవది, ఆ సేవను ఒక్కసారి ఆపి మొదలిడి చూడుడు. ఐదవది, మరల తిరుగబెట్టినచో అది ఏ పనిమీద చిక్కుకొన్నదో వెదకుడు. సవరణలు వచ్చుచున్నవా, సూచిక తయారగుచున్నదా, కావలివాడు వారపు సోదా చేయుచున్నాడా? అట్లైనచో కొన్ని గంటలు విడిచిపెట్టుటయే మందు. ఆరవది, ఒక్కమారు ఒక్క మార్పు మాత్రమే చేయుడు. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది మేలు చేసెనో ఎన్నటికిని తెలియదు.

తెలియని సేవను శాశ్వతముగా మూసివేయరాదు. సేవలు ఒకదానిపై ఒకటి ఆధారపడి యుండును. అడుగు రాయి తీసినచో గోడ కూలును. అయితే అవసరము లేని సేవను తెలిసి మూయుట వేరు. 2021లో ప్రింట్ స్పూలరునందే ప్రమాదకరమైన లోపమొకటి బయటపడెను. ప్రింట్‌నైట్‌మేర్ అని దానికి పేరు. దాని సవరణలు ఆ సంవత్సరము జూలైలో వచ్చినవి. అచ్చు వేయని యంత్రములలో స్పూలరును ఆపియుంచుట మంచిదని అప్పుడు నిపుణులు చెప్పిరి. మా గదిలో అచ్చు యంత్రము లేని మూడు కంప్యూటరులలోను మాస్టరుగారు ఇప్పుడట్లే చేసినారు.

సోమవారము ఉదయము ప్రధానోపాధ్యాయులుగారు కంప్యూటరు గదికి వచ్చిరి. మేము మాటాడక తెరను చూపితిమి. వారు కూర్చుండి తమ పేరును తెలుగులో టైపు చేసి, అచ్చు తీసి, ఆ కాగితమును మడచి జేబులో నుంచుకొనిరి. పాత సామానులవానికి కబురు పోలేదు. మీరిప్పుడు చదువుచున్న ఈ పుటలు ఆ యంత్రమునుండి వచ్చినవే. దాని ప్రక్క గోడపై మేము వ్రాసి అంటించిన కాగితమొకటి యున్నది: "కాగితము రానిచో మరల నొక్కవలదు. వరుసను చూడుడు." తాతగారు దాని క్రింద ఒక నిమ్మకాయ కూడ కట్టిరి. దానిని మేము విప్పలేదు.